పటం నుంచి ప్రొజెక్టర్ దాకా: మన హాల్లో ఒక బొమ్మ వెలగడం వెనక కథ



పోయిన నెల కార్యవర్గ సమావేశంలో చిన్న పద్దు మీద పెద్ద చర్చ జరిగింది. కొత్త ప్రొజెక్టర్ కొనాలా, ఉన్నదానికే తీగలూ కన్వర్టర్లూ కొని సరిపెట్టుకోవాలా అని. ఒకరు "ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, బొమ్మలు గ్రూపులో పెడితే సరిపోదా?" అన్నారు. ఇంకొకరు "మాట్లాడేవాళ్ళు వాళ్ళ లాప్‌టాప్ వాళ్ళే తెచ్చుకుంటారు, మిగతాది మనకెందుకు?" అన్నారు. హాల్లో మైకూ, తెరా, లైట్లూ చూసుకునే మా ముగ్గురికీ ఆ పూట సరైన జవాబు తోచలేదు. ఇంటికొచ్చాక తోచింది. అందుకే ఈ పోస్టు. పొడుగైంది, ఓపిక పట్టి చదవండి.

బొమ్మ చూపిస్తూ కథ చెప్పడం మనకు లాప్‌టాప్‌తో వచ్చిన విద్య కాదు. షోలాపూర్‌లో ఉన్న మన పద్మశాలి కుటుంబాల్లో చాలామంది పెద్దలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళే. ఆ ఊళ్ళలో కూనపులివాళ్ళు వచ్చి మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పేవారు. వాళ్ళది మన కులం కథలే చెప్పే వృత్తి. వాళ్ళ దగ్గర ఒక పొడవాటి పటం ఉండేది. చేర్యాల నకాషీలు గుడ్డ మీద ఎర్రటి నేల వేసి, దాని మీద కథను వరుసగా అడ్డపట్టీల్లో గీసి ఇచ్చేవారు. రెండు గుంజలు పాతి, పైన ఒక కర్ర కట్టి పటం వేలాడదీస్తారు. కథ నడిచే కొద్దీ చుట్ట విప్పుతారు. కథకుడు చేతికర్రతో బొమ్మ చూపిస్తాడు, పక్కన ఇద్దరు ముగ్గురు వంత పాడతారు, వాయిస్తారు. ఒక్క రాత్రితో అయిపోయేది కాదు.

మీరు గమనించండి, ఇప్పుడు మనం స్లయిడ్ షో అనేదానిలో ఉన్నవన్నీ అందులో ఉన్నాయి. వరుసగా వచ్చే బొమ్మలు, చూపించే కర్ర, మాట్లాడే మనిషి, ఎదురుగా కూర్చున్న జనం. లేనిదల్లా ప్లగ్గు. పటం ఏ ఊరికి తీసుకుపోయినా ఆ ఊళ్ళో రెండు గుంజలు దొరికేవి. పాతబడి చిరిగిన పటాన్ని నీళ్ళలో నిమజ్జనం చేసే ఆచారం కూడా ఉండేది, అంటే అది ఎప్పుడు పనికిరాకుండా పోయిందో అందరికీ కళ్ళముందే తెలిసేది. మన పెన్‌డ్రైవులకు ఆ మర్యాద లేదు. అవి డ్రాయరులో ఉండగానే చెప్పకుండా చచ్చిపోతాయి.

వెలుగుతో గోడ మీద బొమ్మ వేసే పరికరం యూరప్‌లో పుట్టింది. 1659లో డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ దాని రూపు గీశాడు. దీపం, దాని ముందు బొమ్మ గీసిన గాజుపలక, ముందు ఒక కటకం. మాజిక్ లాంతరు అన్నారు దాన్ని. మన మహారాష్ట్రలో దీనికి ఒక మంచి కథ ఉంది. కల్యాణ్‌కు చెందిన మహాదేవ్ గోపాళ్ పట్వర్ధన్, ఆయన కొడుకులు 1890లలో 'శాంబరిక్ ఖరోళికా' అనే పేరుతో ఈ లాంతరు ఆటలు ఆడారు. చిన్న చిన్న గాజుపలకల మీద చేత్తో రంగులు వేసి, రామాయణ భారత కథలు చూపిస్తూ, కథనం చెబుతూ, పాటలు పాడుతూ ఊరూరా తిరిగారు. ఒకటికి మించి లాంతర్లు వాడి బొమ్మ కదిలినట్టు కనిపించేలా చేసేవారు. 1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియేర్ సినిమా ఆడే నాటికే ఈ ప్రాంతపు జనానికి తెర మీద కదిలే బొమ్మ కొత్త కాదన్నమాట.

తర్వాత ఫొటో స్లయిడ్లు వచ్చాయి. 1961లో కొడాక్ వాళ్ళ కారొసెల్ వచ్చాక గుండ్రటి పళ్ళెంలో 80 స్లయిడ్లు పేర్చి ఒక మీట నొక్కితే చాలు, ఒకటి తర్వాత ఒకటి పడేవి. స్లయిడును తలకిందులుగా పెడితేనే తెర మీద సరిగ్గా కనిపిస్తుంది. ఆ సంగతి మరిచిపోయి పెట్టినప్పుడు తెర మీద నాయకులు శీర్షాసనం వేసేవారు. 2004లో కొడాక్ ఆ యంత్రాల తయారీ ఆపేసింది. బడుల్లోనూ కాలేజీల్లోనూ ఎక్కువమందికి గుర్తున్నది మాత్రం ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్. పారదర్శకమైన కాగితం, దాని మీద స్కెచ్ పెన్నుతో రాత, కింద వేడిగా మండే దీపం. తెలుగు రాయాలంటే ఏ ఫాంటూ అక్కర్లేదు, చెయ్యి తిరిగితే చాలు. ఇప్పటికీ మాలో ఒకరికి అదే ఇష్టం.

అసలు మలుపు 1987. ఆ ఒక్క ఏడాదిలో మూడు పనులు ఒకదానికొకటి తెలియకుండా జరిగాయి. ఏప్రిల్ మొదట్లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో పాటు విజీఏ అనే తెర పద్ధతిని తెచ్చింది. మూడు వరుసల్లో 15 సూదులున్న ఆ నీలం ప్లగ్గు మీరందరూ చూసిందే. అదే నెలలో ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీ మాకింటోష్ కోసం పవర్‌పాయింట్ మొదటి వెర్షన్ అమ్మకానికి పెట్టింది. రాబర్ట్ గాస్కిన్స్ ఆలోచన, డెన్నిస్ ఆస్టిన్ ప్రోగ్రామింగ్. కొన్ని నెలలకే మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 1.4 కోట్ల డాలర్లకు కొనేసింది. మూడోది, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ కంటికి కనపడనంత చిన్న అద్దాలు పరిచిన ఒక చిప్పును తయారుచేశాడు. ఇవాళ డీఎల్‌పీ ప్రొజెక్టర్లలో బొమ్మ వేసేది ఆ అద్దాలే.

ఒక విషయం ఆశ్చర్యంగా ఉంటుంది. మొదటి పవర్‌పాయింట్ తెర మీద చూపించడానికి చేసింది కాదు. నలుపు తెలుపుల్లో పేజీలు తయారుచేసి, ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ కాగితాల మీద అచ్చు వేసుకోవడానికి. రెండో వెర్షన్‌లో రంగులు వచ్చాయి, 35 మిల్లీమీటర్ల స్లయిడ్లు చేయించుకునే వీలు వచ్చింది. లాప్‌టాప్‌ను నేరుగా ప్రొజెక్టర్‌కు కలిపి చూపించడం 1992లో వచ్చిన మూడో వెర్షన్‌తో ఊపందుకుంది. అంటే మనం 'ఎప్పటినుంచో ఉన్నది' అనుకునే ఈ పద్ధతికి నిండా నలభై ఏళ్ళు లేవు. మన జకార్డు మగ్గం దానికంటే చాలా పెద్దది. 1804 నాటి జకార్డు అట్టల్లో బెజ్జం ఉన్నచోట ఒక రకం, లేనిచోట ఇంకో రకం. అట్ట వరుస తప్పితే చాదర్ మీద నెమలి మెడ ఒకచోట, తోక ఒకచోట. స్లయిడ్ల వరుస తప్పితే ఏమవుతుందో మన ఇళ్ళలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక అసలు సంగతికి వస్తాం.

2018లో మన హాల్లో జరిగిన ఆ సభ కొందరికైనా గుర్తుండాలి. మన తెలుగు బడిలో ఏళ్ళ తరబడి పాఠం చెప్పి రిటైరైన పెద్దాయన, అప్పటికి 81 ఏళ్ళు. 'మనం ఇక్కడికి ఎట్లా వచ్చినం' అని మాట్లాడతానన్నారు. ఊళ్ళలో మగ్గాలు ఆగిపోవడం, జూనీ మిల్లు భోంగా వినపడే దూరంలో ఇల్లు వెతుక్కోవడం, 1930 మే నెలలో ఊరంతా మార్షల్ లా కిందికి పోయినప్పుడు తన తండ్రి చూసినవి, 1931 జనవరి 12న మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుస్సేన్, శ్రీకృష్ణ సారడా, జగన్నాథ్ శిందేలను ఎరవాడ జైల్లో ఉరి తీసిన రోజు పేటలో పొయ్యి వెలగకపోవడం. ఇవన్నీ ఆయన ఇంట్లో విని పెరిగిన మాటలు. ఇంటింటికీ తిరిగి పాత ఫొటోలు తెచ్చి స్కాన్ చేయించారు. మొత్తం 43 స్లయిడ్లు, అందులో 26 ఫొటోలు.

మనవడు సన్నటి కొత్త లాప్‌టాప్ తెచ్చాడు. దానికి రెండే రెండు చిన్న గుండ్రటి మూలల రంధ్రాలు. యూఎస్‌బీ-సీ. మన ప్రొజెక్టర్‌కు ఉన్నది నీలం విజీఏ. మధ్యలో కలిపే ముక్క ఎవరి దగ్గరా లేదు. ఆదివారం సాయంత్రం, దుకాణాలు మూసి ఉన్నాయి. ఒకరు బండి మీద పోయి ఒక కన్వర్టర్ తెచ్చారు, అది హెచ్‌డీఎమ్ఐ నుంచి విజీఏకి మార్చేది, ఈ లాప్‌టాప్‌కు హెచ్‌డీఎమ్ఐ లేదు. ఇంకొకరి లాప్‌టాప్‌లోకి పెన్‌డ్రైవ్ పెట్టి తెరిస్తే ఫొటోలు కనిపించాయి కానీ తెలుగంతా ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులూ కలిసిన పిచ్చిరాతగా వచ్చింది. ఆ లాప్‌టాప్ కూడా ప్రొజెక్టర్‌ను పట్టలేదు. 40 నిమిషాలు గడిచాయి. వెనక వరసల్లో జనం లేచారు.

పెద్దాయన కుర్చీలోంచి అడిగారు, "ఏం బిడ్డా, బొమ్మ వస్తదా, రాదా?"

మనవడు తల ఎత్తలేదు. "వస్తలేదు తాతా."

"సరే తియ్. నోటితోనే చెప్త."

20 నిమిషాలు చెప్పారు. బాగానే చెప్పారు. కానీ మధ్యలో నాలుగైదుసార్లు ఖాళీ తెరవైపు చెయ్యి చూపించి, ఆగి, చెయ్యి దించుకున్నారు. వచ్చేసారి బొమ్మలతో చెబుతానని దిగిపోయారు. ఆ వచ్చేసారి రాలేదు. మరుసటి ఏడు వర్షాలకు ముందే ఆయన పోయారు.

ఆ రోజు తప్పు ఎవరిదని చాలామంది అడిగారు. మాది. హాలు మా చేతిలో ఉంది. ముందురోజు ఒక్క ఫోను చేసి "లాప్‌టాప్‌కు ఏ పోర్టు ఉంది?" అని అడిగి ఉంటే అయిపోయేది.

ఆ పెన్‌డ్రైవు సంగతి చెప్పాలి. దానిలో రాత ఎందుకు అట్లా అయింది? యూనికోడ్‌కు ముందు డీటీపీ షాపుల్లో వాడిన తెలుగు ఫాంట్లు ఒక దొంగదారి పట్టాయి. కంప్యూటర్‌కు ఇంగ్లీషు అక్షరాలే తెలుసు కాబట్టి, ఆ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు, తలకట్లు, వత్తులు గీసి పెట్టారు. ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో తెలుగు కనిపిస్తుంది, లేనిదానిలో దాని కింద దాక్కున్న ఇంగ్లీషు బయటపడుతుంది. యూనికోడ్‌లో అట్లా కాదు. తెలుగులో ప్రతి అక్షరానికీ సొంత అంకె ఉంది. 'క' అంటే 3093, ఏ దేశంలో ఏ కంప్యూటర్‌లోనైనా అంతే. 1991 నాటి మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటిచ్చారు. మామూలు జనం దాకా రావడానికి పదేళ్ళు పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాకే చాలా ఇళ్ళలో కంప్యూటర్ తెలుగు చదవడం నేర్చింది. పెద్దాయన ఫొటోల కింది పేర్లు టైపు చేయించింది పెళ్ళిపత్రికలు వేసే షాపులో. వాళ్ళ చేతికి అలవాటైనది పాత ఫాంటు.

మేము ఆ షాపును వెతుక్కుంటూ పోయాం. షాపు లేదు, ఇప్పుడక్కడ మొబైల్ రీచార్జి. కానీ టైపు చేసిన మనిషి దొరికాడు, ఇంట్లో అటక మీద పాత కంప్యూటర్ డబ్బా కూడా దొరికింది. దాన్లో ఫాంటుంది. యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాముతో మార్చాం. వత్తులు కొన్ని ఎగిరిపోయాయి, 'క్ష' ఉన్నచోటల్లా ఏదో ఒకటి వచ్చింది. మనవడే కూర్చుని మాటమాటా సరిచేశాడు. 26 ఫొటోల్లో 22 ఫొటోల కింద పేర్లు తిరిగొచ్చాయి. ఎవరి తాత, ఎవరి పెదనాన్న, ఏ పేట, ఏ మిల్లు. మిగతా నాలుగింటి కింద ఆయన అసలు ఏమీ రాయించలేదు, నోటితో చెప్పాలనుకున్నట్టున్నారు.

దీన్నుంచి మేము కట్టుకున్న పద్ధతి ఇప్పుడు చెబుతాం. ఇది పండితుల మాట కాదు, దెబ్బతిన్నవాళ్ళ మాట.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని అందరూ మొదట అడుగుతారు. మా లెక్కలో అది రెండో ప్రశ్న. పవర్‌పాయింట్ తెలిసినవాళ్ళు అదే వాడండి. డబ్బు పెట్టలేనివాళ్ళకు లిబ్రెఆఫీస్ ఇంప్రెస్ ఉచితం, మన పనికి చాలు. కాకపోతే ఒకదానిలో చేసింది ఇంకొకదానిలో తెరిస్తే అక్షరాలు పక్కకు జరుగుతాయి, పేరు ఫొటో మీదికి ఎక్కుతుంది. గూగుల్ స్లయిడ్స్ నలుగురు కలిసి తయారుచేయడానికి బాగుంటుంది, కానీ మన హాల్లో నెట్టు రాఖీ పున్నమి నాడు ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. ముందే లాప్‌టాప్‌లోకి దించుకోండి. యాపిల్ లాప్‌టాప్‌లవాళ్ళకు కీనోట్ ముచ్చటగా ఉంటుంది, పక్కవాడి విండోస్ లాప్‌టాప్‌లో ఆ ఫైలు నేరుగా తెరుచుకోదు. దేనిలో చేసినా చివరికి ఒక పీడీఎఫ్ కూడా చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకు రండి. పీడీఎఫ్ ఫాంటును తనలోనే మోసుకొస్తుంది, ఏ యంత్రంలోనైనా రాత రాతలాగే ఉంటుంది. వీడియోలూ, గెంతే అక్షరాలూ దాన్లో పనిచేయవు. గెంతే అక్షరాలు లేకపోతే మాకేమీ బాధ లేదు.

తెలుగు పెద్దగా రాయండి. కంప్యూటర్ తెర మీద బాగున్న సన్నటి ఫాంటు మధ్యాహ్నం వెలుతురులో మన హాలు తెర మీద వెలిసిపోతుంది. శీర్షికకు రామభద్ర లాంటి లావు అక్షరం, కింది మాటలకు మండలి గానీ నోటో గానీ వాడి చూడండి, రెండూ ఉచితమే. తెలుగుకు కింద వత్తులుంటాయి కాబట్టి వరసకూ వరసకూ మధ్య ఇంగ్లీషుకంటే ఎక్కువ జాగా వదలాలి. లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడి మీద కూర్చుంటుంది. ఇంకో మాట, కొందరికి నచ్చకపోవచ్చు. పేర్లు దేవనాగరిలో కూడా రాయండి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో చదివేది మరాఠీ. తాత పేరు వాళ్ళు చదవలేకపోతే ఆ ఫొటో చూపించి ఏం లాభం?

ఇక తీగలు. విజీఏ బొమ్మను మాత్రమే తీసుకుపోతుంది, శబ్దాన్ని కాదు. మాట వినపడాలంటే వేరే తీగ కావాలి. 2002 చివర్లో వచ్చిన హెచ్‌డీఎమ్ఐ బొమ్మనూ శబ్దాన్నీ కలిపి అంకెల రూపంలో పంపుతుంది. 2010 డిసెంబర్‌లోనే ఇంటెల్, ఏఎండీ మరికొన్ని కంపెనీలతో కలిసి 2015 నాటికి విజీఏకు స్వస్తి చెబుతామని ప్రకటించాయి. లాప్‌టాపులు మాట విన్నాయి, హాళ్ళలోని ప్రొజెక్టర్లు వినలేదు. మన కష్టమంతా ఆ సందులో పుట్టిందే. 2014లో యూఎస్‌బీ-సీ ఖరారయ్యాక సందు ఇంకా పెద్దదైంది. ఆకారం ఒకటే అయినా ప్రతి యూఎస్‌బీ-సీ రంధ్రమూ బొమ్మను పంపదు. కొన్ని చార్జింగుకూ, ఫైళ్ళకూ మాత్రమే. ముందే ఒకసారి పెట్టి చూడటం తప్ప నమ్మకమైన దారి లేదు.

కన్వర్టర్లకు దిశ ఉంటుంది. ఇది చాలామంది పొరపాటు పడేచోటు. లాప్‌టాప్ హెచ్‌డీఎమ్ఐ నుంచి ప్రొజెక్టర్ విజీఏకు పోయేది వేరు, లాప్‌టాప్ విజీఏ నుంచి టీవీ హెచ్‌డీఎమ్ఐకి పోయేది వేరు. తిప్పి పెడితే పనిచేయదు. తీగ కలిపాక బొమ్మ రాకపోతే విండోస్ కీ, పీ కలిపి నొక్కి 'డూప్లికేట్' ఎంచుకోండి. అదే సగం రోగాలకు మందు. ఇంకా రాకపోతే ప్రొజెక్టర్ రిమోట్‌లో 'సోర్స్' నొక్కి సరైన పోర్టు మీదికి తిప్పాలి. మన పాత ప్రొజెక్టర్ చతురస్రానికి దగ్గరగా ఉండే 4:3 బొమ్మ వేస్తుంది, కొత్త పవర్‌పాయింట్ అడగకుండానే 16:9 పేజీ ఇస్తుంది. అది వేస్తే పైనా కిందా నల్లటి పట్టీలు వచ్చి అక్షరాలు చిన్నవవుతాయి. పేజీ కొలత ముందే మార్చుకోండి.

కొత్త ప్రొజెక్టర్ మీద మా అభిప్రాయం సూటిగా చెబుతాం. ఉన్నదాని దీపం ఇంకా బాగుంది. ఇప్పుడే కొనొద్దు. ఒక మంచి హెచ్‌డీఎమ్ఐ నుంచి విజీఏ కన్వర్టర్ (శబ్దం తీగ పెట్టే రంధ్రం ఉన్నది), ఒక యూఎస్‌బీ-సీ నుంచి హెచ్‌డీఎమ్ఐ ముక్క, పొడుగాటి తీగ ఒకటి, విడిగా స్పీకర్ తీగ ఒకటి. ఇవన్నీ ఒక డబ్బాలో వేసి, పైన పేరు రాసి, హాలు తాళంచెవితో పాటు ఉంచాలి. ఎవరూ ఇంటికి తీసుకుపోకూడదు. ఫోన్ గ్రూపులో బొమ్మలు పెట్టొచ్చు, కాదనం. కానీ వంద మంది ఒకే ఫొటోను ఒకేసారి చూసి "అగో, అది మా నాయినమ్మ" అని ఒకరు లేచి నిలబడటం ఫోన్లో జరగదు.

రథోత్సవానికి ముందు వచ్చే ఆదివారం సాయంత్రం ఆరింటికి పెద్దాయన స్లయిడ్లు 43 హాల్లో వేస్తున్నాం. మాట్లాడేది మనవడు. శనివారం అయిదింటికి మేము ముగ్గురం డబ్బాతో సహా హాల్లో ఉంటాం, అతని లాప్‌టాప్ కలిపి చూస్తాం. వచ్చే నెలల్లో మాట్లాడాలనుకునేవాళ్ళు కూడా మీ లాప్‌టాపులు తీసుకుని అప్పుడే రండి.

పేర్లు లేని ఆ నాలుగు ఫొటోలు చివర్లో వేస్తాం. ఒకదానిలో మిల్లు గేటు ముందు 11 మంది నిలబడి ఉన్నారు, ఎడమ చివర ఉన్న పిల్లవాడి చేతిలో సత్తు టిఫిన్ డబ్బా. ఇంట్లో పెద్దవాళ్ళుంటే తప్పకుండా వెంటబెట్టుకు రండి, ముందు వరసలో కుర్చీలు వేసి ఉంచుతాం.